హాలండ్–డోజియర్–హాలండ్: ఒక పాటకు ముగ్గురు రచయితలుంటే ఎవరి వంతు ఏది?

ప్రశ్న
రాసినవారు: సాయంత్రపు శ్రోత

నాలుగైదు నెలలుగా నేను 1960ల నాటి అమెరికా నల్లజాతి సోల్ సంగీతాన్ని శ్రద్ధగా వింటున్నాను. సుప్రీమ్స్, ఫోర్ టాప్స్, మార్తా అండ్ ది వాండెల్లాస్ పాడినవాటిలో నా మనసుకు దగ్గరైన పాటలను ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన రచయిత పేరు చేర్చుకుంటూ వెళితే, సగానికి పైగా పాటల పక్కన అవే మూడు పేర్లు వచ్చాయి: హాలండ్, డోజియర్, హాలండ్. గాయకులు మారినా, బృందాలు మారినా ఈ మూడు పేర్లు మాత్రం మారలేదు.

మన సినిమా పాటల దగ్గర ఇలాంటి సందేహం రాదు. సంగీత దర్శకుడి పేరు వేరుగా, గీత రచయిత పేరు వేరుగా వేస్తారు కాబట్టి, బాణీ ముందు పుట్టిందో సాహిత్యం ముందు పుట్టిందో తెలియకపోయినా ఎవరి పని ఏదో తెలుస్తుంది. ఇక్కడ మాత్రం మూడు పేర్లనూ ఒకే వరుసలో కలిపి వేశారు. వీరిలో మాటలు రాసినవారెవరు, బాణీ కట్టినవారెవరు? ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని రాసేవారా? ఈ పాటలను విడుదల చేసిన డెట్రాయిట్ రికార్డుల సంస్థ మోటౌన్‌ను ‘పాటల కర్మాగారం’ అని చాలామంది అంటారు. ఆ మాటలో నిజమెంత? మిగతా సోల్ రచయితల జంటలు కూడా ఇలాగే పనిచేశాయా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1
రాసినవారు: పాత రికార్డుల పెట్టె

మీ కాగితం మీద ఆ మూడు పేర్లు అన్నిసార్లు రావడంలో వింత లేదు. సుప్రీమ్స్ బృందానికి అమెరికా పాప్ పట్టికలో (జనాదరణను బట్టి పాటలను వరుసగా పేర్చే జాబితాలో) మొదటి స్థానానికి చేరిన పాటలు 12 ఉంటే, వాటిలో 10 ఈ ముగ్గురివే. 1964, 1965 సంవత్సరాల్లో వరుసగా విడుదలైన ఐదు సింగిల్స్ (ఆల్బమ్ కాకుండా విడిగా వచ్చే పాట రికార్డులు) మొదటి స్థానానికి చేరాయి. ఆ ఐదూ వీరు రాసినవే.

పని విభజన స్థూలంగా ఇలా ఉండేది. బ్రయన్ హాలండ్, లామాంట్ డోజియర్ పియానో దగ్గర కూర్చుని బాణీ కట్టేవారు. స్టూడియోలో వాద్యకారుల చేత వాయించుకోవడం, రికార్డింగు నడిపించడం కూడా వారి పనే. ఎడ్డీ హాలండ్ సాహిత్యం పూర్తిచేసి, దాన్ని ఎలా పాడాలో గాయకులకు దగ్గరుండి నేర్పేవాడు. అయితే ఈ విభజనను గోడ కట్టినట్టు ఊహించుకోకూడదు. పల్లవికి ఆధారమైన మొదటి మాట చాలాసార్లు డోజియర్ నోటి నుంచే వచ్చేది. ‘స్టాప్! ఇన్ ది నేమ్ ఆఫ్ లవ్’ అన్న మాట, స్నేహితురాలితో గొడవ పడుతున్న సమయంలో తన నోటి నుంచి అప్రయత్నంగా వచ్చిందని డోజియర్ చెప్పాడు. ‘ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్’ పాటలోని ముద్దు పిలుపులు, తన తాతగారు ఆడవాళ్లను పలకరించే తీరు నుంచి తీసుకున్నవి. మాట ఆయనకు దొరికేది. దాన్ని చరణాలుగా పెంచి, ఒక కథగా నిలబెట్టే ఓపిక ఎడ్డీది.

ఎడ్డీ ఈ పనిలోకి వచ్చిన తీరు నాకెప్పుడూ ఆసక్తికరంగా ఉంటుంది. అతడు మొదట గాయకుడు. 1962లో ‘జేమీ’ అన్న పాటతో కాస్త పేరు కూడా తెచ్చుకున్నాడు. కానీ వేదిక ఎక్కడమంటే అతనికి భయం. పైగా గాయకుడిగా తన లెక్కలో రికార్డింగు ఖర్చుల కింద అప్పు కనిపిస్తుంటే, పాటలు రాసే తమ్ముడు బ్రయన్ చేతికి రాయల్టీ చెక్కులు అందుతున్నాయి. బ్రయన్ అప్పటికే 1961లో ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’ రచయితల్లో ఒకడు. మోటౌన్ పాటల్లో అమెరికా పాప్ పట్టికలో మొట్టమొదట అగ్రస్థానానికి వెళ్లినది అదే. అలా లెక్క చూసుకుని అన్న కూడా రచన వైపు వచ్చాడు. ఒక గాయకుడు సాహిత్యం రాయడం వల్ల కలిగిన మేలు ఆ పాటల్లో వినిపిస్తుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్షరం మీద గొంతు నిలపవచ్చో తెలిసినవాడు రాసిన పంక్తులు అవి.

‘వేర్ డిడ్ అవర్ లవ్ గో’ సంగతి కూడా చెప్పాలి. దాన్ని మొదట మార్వెలెట్స్ అన్న మరో బృందం కోసం ఉద్దేశించారు, వారు వద్దన్నారు. సుప్రీమ్స్‌కు కూడా అది నచ్చలేదు. వాద్య భాగం ముందే సిద్ధమై ఉండటంతో, ఆ బృందంలో ప్రధానంగా పాడే డయానా రాస్ తన అలవాటు కంటే తక్కువ శ్రుతిలో పాడవలసి వచ్చింది. ఆ తగ్గింపు వల్లనే ఆమె గొంతులో అంతవరకు ఎవరూ వినని ఒక మెత్తదనం, ఒక దగ్గరితనం బయటపడ్డాయి. 1964 ఆగస్టులో ఆ పాట అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. దీనికి తలకిందులుగా, 1966లో ‘రీచ్ అవుట్ ఐ విల్ బీ దేర్’ పాటను ఫోర్ టాప్స్ ప్రధాన గాయకుడు లీవై స్టబ్స్ గొంతుకు అందీ అందని ఎత్తులో పెట్టారు. అతనిది సహజంగా బరువైన బ్యారిటోన్ గొంతు, అంటే మంద్రం వైపు మొగ్గే మగ గొంతు. ఆ ఎత్తుకు వెళ్లేసరికి పాట అరుపుకూ వేడుకోలుకూ మధ్య నలుగుతుంది. కాబట్టి ‘ఎవరు రాశారు’ అన్న మీ ప్రశ్నలో శ్రుతి ఎంపికను కూడా రచనలో భాగంగానే లెక్కించాలని నా అభిప్రాయం.

జవాబు 2
రాసినవారు: మంద్రస్థాయి

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూ, ‘కర్మాగారం’ అన్న మాట గురించి మాత్రం రాస్తాను. ఆ పోలిక బయటివారు అంటగట్టింది కాదు. మోటౌన్ స్థాపకుడు బెర్రీ గోర్డీ అంతకు ముందు డెట్రాయిట్‌లో లింకన్–మెర్క్యురీ కార్ల ప్లాంటులో పనిచేశాడు. ఒక చివర ఉత్త చట్రంగా బయలుదేరిన బండి, మరో చివర పూర్తి కారుగా బయటకు రావడం చూసి, కొత్త కుర్రవాళ్లను కళాకారులుగా తయారుచేయడానికి అదే పద్ధతిని తలచుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. కుటుంబం నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో సంస్థ ప్రారంభించాడు. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని ఒక మామూలు ఇంటిని కొని, దాన్నే స్టూడియోగా మార్చి, పైన ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అని బోర్డు పెట్టించాడు. శుక్రవారం ఉదయాల్లో నాణ్యతా పరిశీలన సమావేశం జరిగేది. చేతిలో మిగిలింది ఒక్క డాలరే అయితే, ఆకలితో ఉన్న మనిషి దానితో ఈ రికార్డు కొంటాడా, శాండ్‌విచ్ కొంటాడా అన్న ప్రశ్న మీద అక్కడ పాటల భవిష్యత్తు తేలేది.

అయినా కర్మాగారం అన్న పోలికకు ఒక హద్దు ఉంది. అక్కడ ఒకే సంస్థలోని రచయితలు ఒకరితో ఒకరు పోటీ పడేవారు. స్మోకీ రాబిన్సన్ ఒకవైపు, ఈ ముగ్గురు మరోవైపు, నార్మన్ విట్‌ఫీల్డ్ ఇంకోవైపు. ఏ బృందానికి ఎవరి పాట దక్కాలన్నది ప్రతిసారీ తేల్చుకోవలసిందే. కార్ల ప్లాంటులో రెండు వరుసల కార్మికులు ఒకే బండి కోసం ఇలా పోటీ పడరు.

తొందర మాత్రం నిజమే. 1965లో ఫోర్ టాప్స్ పాట ఒకటి మొదటి స్థానంలో ఉండగా, వారి పాత రికార్డును వేరే సంస్థ తిరిగి విడుదల చేయబోతోందని తెలిసింది. దాన్ని అడ్డుకోవడానికి ఈ ముగ్గురు దాదాపు ఒక్క రోజులో ‘ఇట్స్ ది సేమ్ ఓల్డ్ సాంగ్’ తయారుచేశారు. ముందరి పాట స్వరాల నడకనే మళ్లీ వాడుకుని, ‘ఇది ఆ పాత పాటే, కానీ నువ్వు వెళ్లిపోయాక వేరుగా వినిపిస్తోంది’ అన్న భావాన్ని పల్లవిగా పెట్టారు. పునరుక్తిని దాచుకోకుండా దాన్నే విరహంగా మార్చిన ఆ తెలివిని నేను చాలా గౌరవిస్తాను.

జవాబు 3
రాసినవారు: నదీతీరం

మిగతా జంటల గురించి కూడా అడిగారు కనుక మెంఫిస్ సంగతి రాస్తాను. నా మనసు డెట్రాయిట్ కంటే మెంఫిస్ వైపే మొగ్గుతుందని ముందే ఒప్పుకుంటున్నాను.

మెంఫిస్‌లోని సోల్ రికార్డుల సంస్థ స్టాక్స్‌ను జిమ్ స్టువర్ట్, ఆయన అక్క ఎస్టెల్ యాక్స్‌టన్ కలిసి నడిపారు. ఈస్ట్ మెక్‌లెమోర్ అవెన్యూలో మూతపడిన ఒక సినిమా హాలును అద్దెకు తీసుకుని స్టూడియోగా మార్చారు. సినిమా హాలు కావడంతో నేల ఏటవాలుగా ఉండేది, ఆ గది ఆకారం ఆ రికార్డుల ధ్వనిలో తెలుస్తుంది. ముందు భాగంలో, ఒకప్పుడు తినుబండారాలు అమ్మిన చోట, ఎస్టెల్ రికార్డుల దుకాణం పెట్టింది. కొత్త పాటను కొనుగోలుదారులకు వినిపించి వారి ముఖాలను గమనించడం ఆమె పరీక్ష. అదే వీధిలో ఎదురుగా ఉన్న కిరాణా దుకాణంలో డేవిడ్ పోర్టర్ అనే యువకుడు పనిచేసేవాడు. ఐజక్ హేస్ అనే కీబోర్డు వాద్యకారుడు, సంస్థ వాద్యబృందంలోని బుకర్ టి. జోన్స్ ఇండియానా విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన స్థానంలో వాయించడానికి వచ్చాడు. ఈ ఇద్దరూ జతకట్టారు. పోర్టర్ ప్రధానంగా మాటలు, హేస్ ప్రధానంగా సంగీతం.

వీరి పాటలు సామ్ మూర్, డేవ్ ప్రేటర్ అన్న ఇద్దరి గొంతుల కోసం పుట్టాయి. ‘యు డోంట్ నో లైక్ ఐ నో’ అన్నది నల్లజాతి చర్చిలో దేవుణ్ణి తలచుకుంటూ పాడే ఒక కీర్తన నుంచి మలచినది. దేవుడు ఉన్న చోట ప్రేయసిని పెట్టారు. భక్తి పదాన్ని శృంగార పదంగా చదవడం, శృంగార పదాన్ని భక్తిగా వినడం అన్నమయ్య, క్షేత్రయ్యల వల్ల మనకు కొత్త కాదు. అందువల్లనే కాబోలు, సోల్ సంగీతంలోని ఈ రాకపోకలు నాకు మొదటి వినికిడిలోనే అర్థమయ్యాయి. ‘హోల్డ్ ఆన్, ఐయామ్ కమిన్’ పుట్టిన కథ మాత్రం పూర్తిగా లౌకికం. రాత్రి పొద్దుపోయాక పని మధ్యలో పోర్టర్ బాత్‌రూముకు వెళితే, త్వరగా రమ్మని హేస్ కేకలు వేశాడు. ‘ఆగు, వస్తున్నా’ అని లోపలి నుంచి వచ్చిన జవాబే పల్లవి అయింది. 1966లో అది నల్లజాతి సంగీతానికి వేరుగా ఉన్న రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది.

వీరి పాటల్లో నాకు అన్నిటికన్నా విలువైనది 1967 నాటి ‘సోల్ మ్యాన్’. ఆ ఏడాది జులైలో అల్లర్లలో డెట్రాయిట్ తగలబడింది. నల్లవారి దుకాణాలను అల్లరిమూకలు వదిలివేయాలని వాటి తలుపుల మీద, గోడల మీద ‘సోల్’ అని రాసుకున్నారు. ఆ దృశ్యాన్ని హేస్ టెలివిజన్ వార్తల్లో చూశాడు. ప్రాణం, ఆస్తి కాపాడుకోవడానికి గోడ మీద రాసుకున్న మాటను, ‘నేను ఇలాంటివాణ్ణి’ అని తలెత్తి చెప్పుకునే మాటగా మార్చాడు. మోటౌన్ నగరంలో జరిగిన విధ్వంసం నుంచి మెంఫిస్‌లో ఈ పాట పుట్టడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

మోటౌన్‌తో పోలిస్తే ఇక్కడ రచయితకూ వాద్యకారుడికీ మధ్య దూరం తక్కువ. బూరలు వాయించేవారికి ఏం వాయించాలో చాలాసార్లు కాగితం మీద ఉండదు. హేస్ నోటితో వరస పాడి వినిపిస్తే వారు అందుకునేవారు. అలబామాలో మజిల్ షోల్స్ ప్రాంతంలో డాన్ పెన్, స్పూనర్ ఓల్డ్‌హామ్ జంట కూడా ఇలా వాద్యకారుల మధ్యలోనే పెరిగింది. ఫిలడెల్ఫియాలో కెన్నెత్ గ్యాంబుల్, లియాన్ హఫ్ 1971లో సొంత సంస్థ పెట్టి, తంత్రీ వాద్యాల హంగుతో వేరే మార్గం తొక్కారు. దాని గురించి ప్రత్యేకంగా ఒక చర్చ పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారి స్పందన
రాసినవారు: సాయంత్రపు శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. ఎడ్డీ హాలండ్ గాయకుడని తెలిశాక నిన్న రాత్రి ఆ పాటలన్నీ మళ్లీ విన్నాను. నిజంగానే ఊపిరి తీసుకునే చోట్లు కొత్తగా వినిపించాయి. నాకు ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. ఇంత విజయం సాధించిన ముగ్గురూ 1968 తరువాత మోటౌన్ రికార్డుల మీద కనిపించడం ఎందుకు ఆగిపోయింది? రెండవది, ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్’ పాటను గ్లాడిస్ నైట్ పాడితే ఉత్సాహంగా, మార్విన్ గే పాడితే భయంగా వినిపిస్తోంది. రచయితలు ఒకరేనని ఉంది. ఇదెలా సాధ్యం?

జవాబు 4
రాసినవారు: పాత రికార్డుల పెట్టె

మొదటి సందేహానికి జవాబు డబ్బు. తమ పాటల వల్ల సంస్థకు వచ్చిన ఆదాయంలో తమకు న్యాయమైన వాటా అందడం లేదని ఈ ముగ్గురూ భావించారు. 1967 చివరికల్లా పాటలు ఇవ్వడం ఆపేశారు. 1968లో మోటౌన్ 40 లక్షల డాలర్లకు వారి మీద దావా వేస్తే, వారు 2 కోట్ల 20 లక్షల డాలర్లకు ఎదురు దావా వేశారు. పాటల ప్రచురణ హక్కులు గోర్డీ సొంత సంస్థ జోబెట్ చేతిలోనే ఉండేవి. పాట రాయించుకునేది, రికార్డు చేసేది, అమ్మేది, హక్కులు దాచుకునేది ఒకే ఇల్లయినప్పుడు, రచయిత తరఫున లెక్క అడిగేవారు ఎవరుంటారు?

బయటకు వచ్చి ఇన్‌విక్టస్, హాట్ వాక్స్ అన్న రెండు లేబుళ్లు (రికార్డుల సంస్థలు) పెట్టారు. కానీ దావా నడుస్తుండగా సొంత పేర్లతో రచయితలుగా కనిపించడానికి వీలు లేకపోయింది. 1970లో చెయిర్మెన్ ఆఫ్ ది బోర్డ్ బృందం పాడిన ‘గివ్ మీ జస్ట్ ఎ లిటిల్ మోర్ టైమ్’, ఫ్రీడా పేన్ పాడిన ‘బ్యాండ్ ఆఫ్ గోల్డ్’ రికార్డుల మీద రాన్ డన్‌బార్ పేరుతో పాటు ఈడిత్ వేన్ అన్న పేరు ఉంటుంది. ఆ ఈడిత్ వేన్ వీరి మారుపేరు. మీ కాగితం మీద ఆ పేరు ఎక్కడైనా ఉంటే, దాన్ని కూడా ఈ ముగ్గురి లెక్కలోనే చేర్చుకోండి.

వీరు వెళ్లిపోయాక సుప్రీమ్స్ కోసం గోర్డీ కొందరు రచయితలను కూర్చోబెట్టి ‘ది క్లాన్’ అని ఆ బృందానికి పేరు పెట్టాడు. వారు రాసిన ‘లవ్ చైల్డ్’ 1968 నవంబరులో మొదటి స్థానానికి వెళ్లింది. మంచి పాటే. అయినా ముందరి పాటల్లో ఉన్న ఆ తేలికైన బాధ అందులో నాకు దొరకదు.

జవాబు 5
రాసినవారు: మంద్రస్థాయి

‘గ్రేప్‌వైన్’ గురించి నేను చెబుతాను. దాన్ని రాసినవారు నార్మన్ విట్‌ఫీల్డ్, బ్యారెట్ స్ట్రాంగ్. స్ట్రాంగ్ అంటే 1959లో ‘మనీ’ పాడి మోటౌన్‌కు మొదటి విజయం తెచ్చిన గాయకుడే. ఈ పాట ఊహ స్ట్రాంగ్‌ది. విట్‌ఫీల్డ్‌తో కలిసి పూర్తిచేశాడు. దీన్ని 1966లో మిరకిల్స్ అన్న మోటౌన్ బృందం చేత, 1967 తొలి నెలల్లో మార్విన్ గే చేత పాడించారు. ఆ రెండూ శుక్రవారపు పరీక్షలో నెగ్గలేదు. విట్‌ఫీల్డ్ పట్టు వదలలేదు. అరీతా ఫ్రాంక్లిన్ ‘రెస్పెక్ట్’ దేశాన్ని ఊపేస్తున్న ఆ ఏడాదిలోనే, ఆ ఊపును పట్టుకుని గ్లాడిస్ నైట్ బృందం చేత అదే పాటను వేగంగా పాడించాడు. 1967 సెప్టెంబరులో విడుదలై రెండవ స్థానం దాకా వెళ్లింది. గే పాడినది 1968లో ఒక ఆల్బమ్‌లో మామూలు పాటగా చేరితే, రేడియో వ్యాఖ్యాతలు దాన్నే మళ్లీ మళ్లీ వేయడంతో సింగిల్‌గా విడుదల చేయక తప్పలేదు. ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది.

మీకు వినిపించిన భయం ఊహ కాదు. విట్‌ఫీల్డ్ ఈ పాటను గే సహజమైన గొంతు కంటే పైశ్రుతిలో పెట్టి పాడించాడు. ఆ విషయం మీద ఇద్దరికీ గట్టిగా వాదన జరిగింది. గ్లాడిస్ నైట్ పాటలో మోసం బయటపెట్టినవారి గెలుపు ఉంది. గే పాటలో మోసపోయినవాడి నిద్రలేమి ఉంది. పదాలు దాదాపు అవే.

మాటా బాణీ ఒక జంట మధ్య ఎలా పుడతాయో చూడాలంటే నికొలస్ యాష్‌ఫర్డ్, వలెరీ సింప్సన్‌లను తప్పక వినండి. 1964లో హార్లెమ్‌లోని వైట్ రాక్ బాప్టిస్ట్ చర్చిలో కలుసుకున్నారు. అతడు అప్పటికి న్యూయార్క్‌లో ఇల్లు లేక పార్కు బెంచీల మీద పడుకున్నవాడు. ఆమె చర్చిలో పియానో వాయించే అమ్మాయి. అతనిది మాట, ఆమెది బాణీ. ‘ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్’ పాటను బ్రిటిష్ గాయని డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ అడిగినా ఇవ్వకుండా, మోటౌన్‌లో అడుగుపెట్టడానికి దాచుకున్నారు. 1967లో మార్విన్ గే, టామీ టెరెల్ పాడారు. ఒకరి కళ్లలోకి ఒకరు చూస్తూ పాడినట్టుండే ఆ పాటలో ఇద్దరి గొంతులనూ వేర్వేరుగా రికార్డు చేశారు. ఆ ఏడాది అక్టోబరులో వేదిక మీద కుప్పకూలిన టెరెల్, మెదడులో కణితి వల్ల 1970 మార్చిలో 24 ఏళ్లకే మరణించింది. అదే ఏడాది యాష్‌ఫర్డ్, సింప్సన్ తమ పాటను డయానా రాస్ కోసం తామే పూర్తిగా మార్చారు. సగం పాట మాటలుగా చెప్పుకుపోయి, పల్లవి పాట చివర మాత్రమే విరుచుకుపడుతుంది. శ్రోత అంతసేపు ఆగడేమోనని గోర్డీ సందేహించాడు. అది మొదటి స్థానానికి వెళ్లింది.

జవాబు 6
రాసినవారు: నదీతీరం

ఒక పేరు ఈ చర్చలో ఇంతవరకు రాలేదు కనుక చేర్చుతున్నాను. మోటౌన్ పాటల్లో బేస్ గిటారు వాయించిన జేమ్స్ జేమర్సన్. ఫంక్ బ్రదర్స్ అని పిలిచే ఆ వాద్యబృందం, హాలండ్–డోజియర్–హాలండ్ పాటల కింద నడుస్తూ ఉంటుంది. స్వరాల నడక కాగితం మీద ఇస్తే, దాన్ని ఎలా తిప్పాలో, ఏ గతిని ఎక్కడ విరవాలో చాలాసార్లు జేమర్సన్ చేతికే వదిలేవారు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు అచ్చయ్యేవరకు, అంతకు ముందు పన్నెండేళ్ల పాటల మీద అతని పేరు లేదు. రాయల్టీ కూడా లేదు.

సాయంత్రపు శ్రోత గారు, 1967లో ఫోర్ టాప్స్ పాడిన ‘బెర్నడెట్’ను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతును కాసేపు పక్కనబెట్టి, కింద నడిచే ఆ బేస్‌ను మాత్రమే వినండి. చివరికి వచ్చేసరికి పాట మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకునేలోపు లీవై స్టబ్స్ ఆ పేరు పెట్టి ఒక్క కేక వేస్తాడు, వెంటనే వాద్యాలన్నీ తిరిగి అందుకుంటాయి. అక్కడ ఆపాలని ఆ గదిలో మొదట అన్నది ఎవరో రికార్డు మీద అచ్చైన మూడు పేర్లు చెప్పవు.